నవ్వు ఆపుకోలేని ప్రొబేషనర్

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందటి ఏడు, ఎండాకాలం ముగుస్తుండగా, నన్ను కర్నూలులోని ఒక ఆడవాళ్ల ఆసుపత్రికి ప్రసూతి వార్డు సిస్టరుగా వేశారు. కాన్పులు చూడడంతో పాటు, ఆ పని నేర్చుకునే అమ్మాయిలకు శిక్షణ ఇవ్వడం నా వంతు. వాళ్లను ప్రొబేషనర్లు అనేవారు. వాళ్లపైన నేను, నాపైన డాక్టరమ్మ. కాన్పు గదిలోనూ, నొప్పులు పడేవాళ్ల ముందూ ప్రొబేషనర్ నోరు విప్పకూడదన్నది అక్కడి మొదటి నియమం. అడిగింది అందించాలి, చెప్పింది చేయాలి, అంతే.

ఆ ఏడు చేరినవాళ్లలో కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన సువార్తమ్మ ఒకతె. తండ్రి పొలం పనులకు పోయేవాడు, ఆదివారాలు చర్చిలో పాట ఎత్తుకునేవాడు. పిల్ల చురుకైనది, చేతిలో పనితనం ఉంది. ఒక్కటే చిక్కు. ఎవరైనా నొప్పితో అరిస్తే ఆమెకు నవ్వు వచ్చేది. బుగ్గలు పూరీల్లా పొంగి, భుజాలు ఊగి, చివరికి చేతిలోని పళ్లెం కూడా గలగలలాడేది.

నంద్యాల దగ్గరి రైతు కుటుంబం నుంచి వెంకటలక్ష్మి అనే గర్భిణి కాళ్ల వాపుతో వార్డులో చేరింది. తోడుగా అత్తగారు నాగమ్మ వచ్చింది. ఒకనాడు కోడలు ఉత్తుత్తి నొప్పులతో మూలుగుతుంటే సువార్తమ్మ ఎదురుగా నిలబడి నవ్వేసింది.

"మా కోడలు పానం పోయేట్ల అరుస్తాంటే నీకు తమాషాగా ఉండాదా?" అని నాగమ్మ నిలదీసింది. సంగతి డాక్టరమ్మ దాకా పోయింది. ఇంకొకసారి నవ్వితే పెట్టె సర్దుకోవాల్సిందేనని ఆమె తేల్చింది.

నేను మొదట తిట్టాను. తిడుతుండగానే నవ్వింది. ఇంట్లో పడ్డ కష్టాలు తలుచుకోమన్నాను. "అవి తలుచుకుంటే ఇంగా నవ్వొస్తాది సిస్టరమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది, నవ్వుతూనే. చెంగు నోట్లో కుక్కుకోమన్నాను. దగ్గు పట్టుకుంది.

ఇక సలహాలు మానేసి గమనించసాగాను. ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో తోటి పిల్లకు కత్తెరలు ఉడకబెట్టే పద్ధతి వివరిస్తోంది. లోపల గదిలో ఒకామె గోడలు అదిరేలా కేకలు పెడుతోంది. సువార్తమ్మ ముఖంలో నవ్వు జాడే లేదు. అప్పుడు నాకు తట్టింది. చేసే పని గురించి మాట్లాడుతున్నంతసేపూ ఆమెకు నవ్వు రాదు. భయంతో ఊపిరి బిగబట్టి, మూగగా నిలబడినప్పుడే అది తన్నుకొస్తోంది. అంటే మేం పెట్టిన నియమమే ఆమెను నవ్విస్తోంది.

వెంకటలక్ష్మికి అసలు నొప్పులు మొదలైన పొద్దున డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది. సువార్తమ్మను పిలిచి, చేతులు చేసే పని నోటితో చెబుతూ ఉండమన్నాను. నాగమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి ఈ పిల్ల వద్దంది. పూచీ నాదన్నాను.

"సబ్బుతో చేతులు కడుగుతాండా అవ్వా. ఇప్పుడు మందునీళ్లలో ముంచుతాండా. ఉడకబెట్టిన గుడ్డ పరుస్తాండా."

ఇదంతా తనకెందుకని నాగమ్మ విసుక్కుంది. కాసేపటికి, మళ్లీ ఏం చేస్తావని తానే అడగసాగింది. నొప్పికీ నొప్పికీ నడుమ వెంకటలక్ష్మి కూడా చెవి ఒగ్గింది.

బిడ్డ తల కనబడే వేళకు డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సువార్తమ్మ మాట ఠక్కున ఆగిపోయింది. బుగ్గలు పొంగసాగాయి.

"ఆపొద్దు, చెప్పు" అన్నాను.

"తల వస్తాండాది... మెల్లగా పట్టుకుంటాండా... ఊపిరి తీసుకో అక్కా" అని ఎట్లాగో మళ్లీ అందుకుంది.

ఆడపిల్ల పుట్టింది. ఉడకబెట్టిన దారంతో బొడ్డుతాడును రెండుచోట్ల కట్టి, నడుమ కత్తిరించేదాకా సువార్తమ్మ చెబుతూనే ఉంది. మాట్లాడనివ్వమని, అయితే ఊరంతా వినబడేలా వద్దని చెప్పి డాక్టరమ్మ వెళ్లిపోయింది. రేపు బిడ్డకు నీళ్లు పోయడానికి కూడా ఆ పిల్లనే పంపమని నాగమ్మ అడిగింది.

గొప్ప పద్ధతి కనిపెట్టానని పొంగిపోయి, తరువాతి ఏడు వచ్చిన అమ్మాయిలందరి చేతా అదే చేయించాను. వార్డు సంతలా మారింది. వాళ్లలో ఒక మాటకారి పిల్ల చెప్పడంలో పడి చేయాల్సిన పనే మరిచిపోయేది. ఆమెకు మాత్రం నోరు మూసుకోవడమే మందయింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఒక అలవాటు పాటించాను. ఒక విద్యార్థిని పదేపదే తప్పు చేస్తుంటే, ఆ తప్పు ఆమె ఎప్పుడు చేయడం లేదో ముందు చూసేదాన్ని. ఏం నేర్పాలో అది చూశాకే నిర్ణయించుకునేదాన్ని.