దుకాణం బోర్డు

ఈ బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ఎంత బరువంటారా? మూడు వేళ్ల పొడవున్న ఫోటో ముక్క. మా ఆయనకి కూడా సగమే చెప్పాను. మీకు మొత్తం చెబుతాను.

ఎనభైల మొదట్లో, అమెరికా వచ్చిన కొత్తలో, అరోరా అనే ఊరి దగ్గర ఒక చిన్న లైబ్రరీలో టెంపరరీ టైపిస్టుగా చేరాను. బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పాత ఫోటోలతో ఎగ్జిబిషన్ పెట్టారు. వాటిని అట్టల మీద అంటించి, కింద వివరం టైపు చేయడం నా పని. మరియా గారనే ముసలావిడ ఒకే ఒక్క ఫోటో తెచ్చింది. ట్రియెస్ట్ అనే రేవు పట్టణంలో వాళ్ల నాన్న దుకాణం. పైన బోర్డు వాళ్ల స్లోవీన్ భాషలో ఉంది. ఆ ఊరు మాదంటే మాదని ఇటలీ, యుగోస్లావియా చాలాకాలం కొట్టుకున్నాయి. ఊరు ఇటలీ చేతికి వెళ్లాక ఆ బోర్డు పీకేశారట. ఇక ఫోటోలోనే మిగిలిందని చెప్పింది.

అదే ఊరినుంచి వచ్చిన ఇటాలియన్ పెద్దమనిషి ఒకాయన ముప్పై ఫోటోలు ఇచ్చాడు. ఆ బోర్డు కనబడితే తనవన్నీ తీసుకుపోతానన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సూపర్‌వైజర్ నన్నే ఎలాగో సర్దమని వెళ్లిపోయింది. నన్ను పర్మనెంట్ చేస్తామన్న వారం అది.

"వాళ్ల గొడవ నీకెందుకు? కామ్‌గా పని కానిచ్చెయ్," అన్నారు మా ఆయన.

కానిచ్చాను. ఫోటోని పేపర్ కట్టర్ కింద పెట్టి బోర్డు మేరకు కోసేశాను.

ఎందుకు? భయమా? ఉద్యోగం మీద ఆశా? రెండూ అనుకుంటాను. మద్రాసు మనదేనని మా నాన్న వీధుల్లో అరవడం విన్నదాన్ని, అది మనకి దక్కలేదని ఆయన రెండు రోజులు అన్నం ముట్టకపోవడం చూసినదాన్ని, ఇంకొకరి నాన్న బోర్డు మీదికి ఆ కత్తి ఎలా దించగలిగాను? ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఎగ్జిబిషన్ రోజు మరియా గారు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"పైభాగం ఏమైందమ్మా?"

"మెషీన్‌లో పడి చిరిగిపోయిందండీ. సారీ."

ఆమె నా చేయి పట్టుకుంది. "నీ వేళ్లకేం తగల్లేదు కదా?" అని ఒక్కో వేలూ చూసింది.

నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. రెండేళ్లకి ఆమె పోయింది. ఆ ముక్క మాత్రం నా పాత పాస్‌పోర్టులోనే ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. అంచు స్కేలు పెట్టి గీసినట్టుంది. చిరిగిన కాగితం అలా ఉంటుందా? ఆమెకి అది కనబడలేదా? కనబడీ నా వేళ్లు చూసిందా?

తెలీదు. తెలిసింది ఇంతే: ఆ ఫోటో మెషీన్‌లో పడి చిరగలేదు. నేనే కోశాను.