గాడికొక పుల్ల

మొన్న ఆదివారం మా మనుమరాలు సెల్‌ఫోనులో ఏదో ఇంగ్లీషు ఉత్తరం కొడుతుంటే, పక్కన కూర్చున్న నాకు తెరమీద ఒక మాట కింద ఎర్రగీత పుట్టడమూ, పిల్ల వేలితో తాకగానే ఆ మాటా గీతా రెండూ మాయమైపోవడమూ కనిపించాయి. ఏం తప్పు రాశావే అంటే, "మస్ట్ పక్కన టూ పెట్టేసినా అవ్వా, అదే తీసేసింది" అంది తలెత్తకుండా. విరుదునగర్ బడిలో ఏళ్ళ తరబడి ఆ ఇంగ్లీషే చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని, నా నోట్లోంచి ఆ టూ ఒక్కటి తీయించడానికి ఒక మనిషి ఎంత పాటుపడిందో తలుచుకుంటే నవ్వొచ్చింది.

మా కోవిల్‌పట్టి ఇళ్ళల్లో తెలుగు నోటికే గాని కంటికి తెలియదు. ఈ అక్షరాలు కూడా నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నవే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, మూడింటికీ నా తప్పులను పక్షపాతం లేకుండా పంచేదాన్ని. పదో తరగతి ఇంగ్లీషులో తప్పిన ఏడాది, నన్ను పెంచిన మేనత్త ఒక్కటే మాట చెప్పింది. మళ్ళీ రాయాలి, ఈసారీ పోతే ఆమెతోబాటు తీపెట్టి ఆపీసుకు రావాలి. ఆపీసన్నది అగ్గిపెట్టెల కార్ఖానాకు మా ఊరు పెట్టుకున్న గొప్ప పేరు. అక్కడ కుర్చీలుండవు, ఫైళ్ళుండవు, నేలమీద కూర్చుని చట్టంలో పుల్లలు పేర్చడమే. చట్టమంటే కోర్టుది కాదు, కొయ్యది. మా ఇంట్లో దీనికే ఎక్కువ భయపడేవాళ్ళం. అందులోని ప్రతి బద్దకూ గాడులుంటాయి, గాడికొక పుల్ల పడాలి. ఒక గాడిలో రెండు దూరాయా, పై బద్ద సరిగ్గా కూర్చోదు, మిగతా పుల్లలు వదులై మందులో ముంచేటప్పుడు జారిపోతాయి.

అత్త ఇంటికి కూడా చట్టాలు తెచ్చుకునేది. పొద్దున వాకిట్లో ఆమె పేరుస్తుంటే, ఎదురుగా నేనూ ఒక బద్ద ముందేసుకుని, మాటకొక పుల్ల చొప్పున పేరుస్తూ పాఠం పైకి చదవాలి. కళ్ళతో చదివితే నిద్రపోతానని ఆమె నమ్మకం; ఆ నమ్మకాన్ని నేనెన్నడూ వమ్ము చేసి ఎరగను. కేన్, మే, మస్ట్, షుడ్‌ల పాఠమే నాకు గండం. ఐ మస్ట్ అన్నాక, వాగు దాటడానికి రాయి కావలసినట్టు, మధ్యలో టూ మీద కాలు పెట్టకుండా గో దాకా పోలేకపోయేదాన్ని. మన తెలుగులో వచ్చు, గలను, వలెను అన్నీ క్రియ వెనకాల వస్తాయి. అక్కడేమో ముందుకొచ్చి నిలబడి, క్రియను టూ లేని బట్టతలతో తమ పక్కన నిలబెట్టుకుంటాయి. ఇది నాకెలా తలకెక్కుతుంది?

పదిరోజులు అత్త నేను ఒప్పు చదివినవీ తప్పు చదివినవీ వింటూ పుల్లలు పేర్చుకుపోయింది. ఒకనాడు ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"ఏ పాపా, ఆ గాడిలో ఇంగో పుల్ల చొరబెడితివే. తియ్యి దాన్ని."

నా బద్ద వెతుక్కున్నాను, సరిగ్గానే ఉంది.

"దాంట్లో కాదు మే, నీ నోట్లో."

నమ్మలేక, మర్నాడు కావాలనే షీ కేన్ సింగ్స్ అని చదివాను. మళ్ళీ ఆ చెయ్యి ఆగింది. "పుల్లకు తోక మొలిసిందే, తుంచు!" అంది. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాని మనిషి, నేను పుస్తకంలో ఏడాదిగా చూసీ చూడలేకపోయినదాన్ని ఉత్త చెవితో పట్టేసింది. ఆ వేళ అత్తను చూసి నాకు కలిగిన అబ్బురం ఇప్పటికీ తీరలేదు. తర్వాత ఒక్కోదానికీ అర్థం అడిగి తనకు తోచినట్టు గుర్తుపెట్టుకుంది. కేన్ అంటే తన చెయ్యి, మస్ట్ అంటే కార్ఖానా మేస్త్రీ, మైట్ అంటే పుదూరు చేలమీద కురుస్తుందో లేదో తెలియని మబ్బు. మే అన్నది, నీళ్ళు తాగడానికి లేవాలన్నా మేస్త్రీ నోట రావలసిన మాట.

పరీక్ష విరుదునగర్‌లో పడింది. ఖాళీలు పూరించే ప్రశ్న దగ్గర నేను పెదవులు కదుపుతూ, మాటకొక పుల్ల అన్నట్టు ఎడమ చేతి వేళ్ళతో బల్ల అంచున పేర్చుకుంటూ పోతున్నాను. కాపలా మాస్టారికి అది పక్క బల్లకు సైగలా కనిపించింది. పేపరు లాక్కుని తమిళంలో కేకలేశారు. నేను కిటికీవైపు తిరిగాను. బయట వేపచెట్టు కింద అత్త కూర్చుని ఉంది. ఇక ఆమెతో ఆపీసుకే అనుకున్నాను. ఆ కేకలకు పరీక్షలు చూసే పెద్ద పంతులమ్మగారు, నెరిసిన తలావిడ, వచ్చి నా చెయ్యి తిప్పి చూశారు. వేళ్ళ చివర చర్మం అరిగి నున్నగా మెరుస్తోంది.

"చట్టం అడుకుతా ఉండావా మే?" అన్నారు మెల్లగా, పేర్చడాన్ని అడుకడమనే మా ఇంటి తెలుగులో.

తలూపాను. ఆవిడ మాస్టారి వైపు తిరిగి, ఇది సైగ కాదు, సాత్తూరు దాటి ఏ వాకిలి చూసినా ఈ వేళ్ళే ఆడుతుంటాయని తమిళంలో చెప్పి, పేపరు నా ముందు పెట్టారు. "రాయి. చెయ్యి ఆపొద్దు. ఆపితే మాట కూడా ఆగిపోద్ది, నాకు తెలుసు" అన్నారు. ఎలా తెలుసో అడగలేదు. ఆవిడ వేళ్ళు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అంచు మార్కులమీద కాలు పెట్టి పాసయ్యాను. ఆ తర్వాత టీచరు ట్రైనింగుకు విరుదునగర్ బయల్దేరిన రోజున, అత్త మేస్త్రీని అడిగి పూట సెలవు పెట్టి బస్టాండుకు వచ్చింది. ఇక పొద్దున్నే ఆమెకు ఎవరు చదివి వినిపిస్తారన్న దిగులుతో నేను చెయ్యి వదలకుండా నిలబడ్డాను. కండక్టరు విజిలు ఊదాడు. అత్త నా వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, జీవితంలో అంతవరకు ఎవరి దగ్గరో అడుక్కోవడమే తెలిసిన మాటను నాకు తానే ఇచ్చింది.

"యూ మే గో."

ఎక్కడా అదనపు పుల్ల లేదు.

ఇప్పుడు చట్టాల్లో పుల్లలు మిషన్లు పేరుస్తున్నాయట. తప్పులు ఫోను దిద్దుతోంది, అదీ చప్పుడు లేకుండా, నాకంటే ఓపిగ్గా. మంచిదే. కాని నా మాట విని ఆగిపోయే చెయ్యి ఇప్పుడేదీ లేదు. ఇలా సోఫా అంచున నా ఎడమ చేతి వేళ్ళు వాటంతటవే ఆడుతుంటే, ఎవరికి సైగ చేస్తున్నావని కోప్పడేవాళ్ళు కూడా లేరు.