కౌబాయ్ సినిమాల పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను దర్శి బస్టాండులో ఉన్నాను. పక్కనే ఒక బస్సు వెనక్కి తీస్తూ హారను కొడుతోంది. అన్న ఏమంటున్నాడో వినపడక, ఒక చెవి మూసుకుని, ఏందన్నా, ఏందన్నా అని మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి వినపడింది. పొద్దున కాఫీ తాగి, కాసేపు పడుకుంటానని మంచం మీద ఒరిగి, అట్లాగే నిద్రలో వెళ్ళిపోయిందట. మా అమ్మకు సొంత అక్క ఆమె. అన్న ఆమెకు ఒక్కడే కొడుకు. ఎవరైనా అడిగితే మాత్రం ఒక కొడుకు, ఒక కూతురు అని చెప్పేది. ఆ కూతురిని నేనే.

పెద్దారవీడు దగ్గర మా ఊళ్ళో భూస్థాపన జరిగింది. మా వైపు పాస్టరుగారిని అయ్యగారంటాం. ఇప్పుడున్న అయ్యగారు కొత్తగా వచ్చిన చిన్నవయసు మనిషి. ఈ తల్లి ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చునేదని, ఒక్క ఆదివారం కూడా మానలేదని, వాక్యం చెబుతుంటే రెప్ప వేయకుండా చూసేదని చెప్పారు. అన్నీ నిజమే. మొదటి వరసలో కూర్చునేది ఆయన మొహం కనపడటం కోసమని, వాక్యంలో చాలా భాగం ఆమె చెవికి చేరేదే కాదని ఆయనకు తెలియదు. బైబిలు తర్వాత ఆమెకు అంత ఇష్టమైనవి తుపాకులు పేలే ఇటలీ కౌబాయ్ సినిమాలని అసలే తెలియదు. సమాధి దగ్గర నిలబడి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

పెళ్ళికి ముందునుంచే పెద్దమ్మ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పనికి పోయేది. రాయి కోసే మిషను పక్కన ఏళ్ళ తరబడి కూర్చుంటే చెవులు ఏమవుతాయో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆమెకు సగం పైన వినికిడి పోయింది. అయితే ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ ఆ లోటు తెలిసేది కాదు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. కొంగు తలమీదికి లాగితే అత్త, బొటనవేలు నోటి దగ్గర పెడితే తాగొచ్చిన మొగుడు, రెండు వేళ్ళు భుజం మీద తడితే మేస్త్రీ వస్తున్నాడు జాగ్రత్త అని. సాయంత్రం మిషన్లు ఆగి, అందరూ రోడ్డు మీదికి వచ్చి గలగలా మాటలు మొదలుపెట్టాక పెద్దమ్మ ఒంటరిదయ్యేది. బస్సులో తోటివాళ్ళు నవ్వుతుంటే తనూ నవ్వేది, ఎందుకో తెలియకుండానే. ఆ నవ్వు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

తెలుగు సినిమాకు పోతే ఇంకా కష్టం. హాలంతా ఒక డైలాగుకు పగలబడి నవ్వుతుంటే అమ్మను మోచేత్తో పొడిచి ఏమన్నాడని అడిగేది. అమ్మ ఆమె చెవిలో అరిచి చెప్పేలోగా తెర మీద ఇంకో జోకు కూడా అయిపోయేది. వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒకసారి ఒక మహానుభావుడు, వినపడనప్పుడు సినిమా ఎందుకమ్మా, ఇంట్లో కూర్చోరాదా అన్నాడు. అది మాత్రం ఆమెకు వినపడింది. ఆ తర్వాత చాన్నాళ్ళు హాలు వైపు రాలేదు.

మళ్ళీ ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, అమ్మే పెద్దమ్మను బతిమాలి మమ్మల్ని మార్కాపురం తీసుకుపోయింది. తీరా పోతే మేం అనుకున్న తెలుగు సినిమా రీళ్ళ పెట్టె రాలేదట. దాని బదులు ఏదో ఇంగ్లీషు గుర్రాల సినిమా వేస్తున్నారు. ఇంత దూరం వచ్చాం కదా అని లోపలికి పోయాం. ఆడవాళ్ళ వైపు మేం ముగ్గురమే.

తెర నిండా ఎండ, దుమ్ము, బోడి కొండలు. ఒకడు గుర్రం దిగి ఇంకొకడి మొహంలోకి చూస్తాడు. చూస్తూనే ఉంటాడు. ఆ ఇంకొకడు కూడా చూస్తాడు. ఎప్పుడో ఒక మాట మాట్లాడితే అది ఇంగ్లీషు. హాల్లో ఒక్కరికి కూడా ముక్క అర్థం కావడం లేదు. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. పెద్దమ్మ మాత్రం ముందుకు వంగి కూర్చుంది.

"వాడు వీని తమ్ముణ్ణి సంపినాడు. వీడికి తెలుసు. తెలీనట్ల ఉండాడు," అంది.

వినికిడి లేనివాళ్ళకు ఉన్నట్టే ఆమె గొంతు కాస్త పెద్దది. హాలంతా వినపడింది. మగవాళ్ళ బెంచీల నుంచి ఎవరో, మరి ఆ ముసలాడు ఎవరక్కా అని అడిగాడు. అమ్మ ఆ ప్రశ్నను సైగ చేసి చూపించింది. వాళ్ళ నాయన అయ్యుంటాడని పెద్దమ్మ జవాబు చెప్పింది. అవునో కాదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజంతా హాలు అడుగుతూనే ఉంది, ఆమె చెబుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెద్దమ్మ తనలో తను నవ్వుకుంది. ఈసారి ఎందుకు నవ్వుతోందో ఆమెకు తెలుసు.

అప్పటినుంచి మార్కాపురానికి ఏ గుర్రాల సినిమా వచ్చినా వదిలేది కాదు. ఒక ఆడమనిషి, అందులోనూ చర్చికి పోయే మనిషి, చూడాల్సినవేనా అవి అని ఊళ్ళో మూతులు ముడిచారు. నిజమే, అవి సున్నితమైన సినిమాలేం కావు. కొరడాలు, ఉరితాళ్ళు, పిట్టల్లా రాలిపోయే మనుషులు. రక్తం చూస్తే రంగు డబ్బా ఒలికినట్టు ఉండేది. ఊరంటే నాలుగు చెక్క ఇళ్ళు. ఆ నాలుగు ఇళ్ళే ఇంకో సినిమాలో ఇంకో ఊరు. చేతిలో డబ్బు లేనివాళ్ళు తీసిన సినిమాలని చిన్నపిల్లనైన నాకే తెలిసిపోయేది.

ఏముంది పెద్దమ్మా వాటిల్లో అని కాలేజీలో చేరాక అడిగాను. మొహాలు అంది. మన హీరోలు పొలం దున్నినా చొక్కా ఇస్త్రీ నలగదని ఆమె ఫిర్యాదు. వీళ్ళకు చెమట పడుతుంది, గడ్డం మాసి ఉంటుంది, మొహం మీద ఈగ వాలుతుంది. ఎండాకాలం ఫ్యాక్టరీ నుంచి నడిచివచ్చే మనుషులు మా వైపు అట్లాగే ఉంటారు. బావి దగ్గర నీళ్ళకోసం కాల్చుకు చావడం పట్నం వాళ్ళకు వింతేమో గాని, ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకున్న మాకు కాదు. ఇంకో సంగతి కూడా ఉందని నాకు తర్వాత తోచింది. ఆ సినిమాల్లో చెడ్డవాడు ఎంత గొప్పవాడైనా చివరికి నడివీధిలోకి వచ్చి, తను అన్యాయం చేసిన మనిషికి ఎదురుగా నిలబడాల్సిందే. పెద్దమ్మ బతుకులో అట్లాంటిది జరగలేదు. కూలి తగ్గించిన యజమాని ఏనాడూ ఎదురు పడలేదు, ఆ కబురు మేస్త్రీతో పంపేవాడు.

అయినా ఆమె ప్రేమంతా హీరో మీద కాదు, చచ్చిపడేవాళ్ళ మీద. మేడ మీంచి కింద పడే బట్టతల మనిషి ఒకడు చాలా సినిమాల్లో కనిపించేవాడు. వాడు పడినప్పుడల్లా నాలుక చప్పరించేది.

"పాపం, పోయినసారి గూడ వీడే సచ్చినాడు. ఏం జేస్తాడు, కూలికొచ్చినాడు."

వాడికి పెళ్ళాం బిడ్డలున్నారని, పడి పడి నడుము పట్టేసి ఉంటుందని కూడా తీర్మానించేసింది. సోమవారం ఫ్యాక్టరీలో మిషన్ల మోత మధ్య కథంతా చేతులతో చెప్పేదట. పలక నెత్తిన పెట్టుకుంటే టోపీ, నడుముకు ఆనిస్తే తుపాకి. బట్టతల మనిషి వంతు వచ్చేసరికి ఆడవాళ్ళంతా చేతులాపి, పాపం అన్నట్టు తలలూపేవాళ్ళని ఆమెతో పనిచేసినవాళ్ళు సమాధి దగ్గర నాకు చెప్పారు.

ఇక గుడ్ ఫ్రైడే సంగతి. వీడియో క్యాసెట్ల రోజులవి. అప్పటి అయ్యగారు పెద్దాయన, కాస్త చాదస్తం మనిషి. గుడ్ ఫ్రైడే సాయంత్రం సంఘానికి యేసు ప్రభువు సినిమా చూపించాలని మార్కాపురం నుంచి టీవీ, వీడియో అద్దెకు తెప్పించారు. క్యాసెట్టు అట్ట మీద ప్రభువు బొమ్మే ఉంది. లోపల ఉన్న క్యాసెట్టు వేరేదని ఎవరూ చూసుకోలేదు. చర్చి ముందు చాపలు పరుచుకుని కూర్చున్నాం. ప్రార్థన అయింది. టీవీలో ఎడారి వచ్చింది. పొడుగు జుట్టు, గడ్డం ఉన్న మనిషి ఒకడు భుజాన గుర్రపు జీను మోసుకుంటూ, తూలుతూ, పడుతూ లేస్తూ వస్తున్నాడు. చిన్న టీవీ, అంత దూరం నుంచి ఆ బరువు ఏమిటో తెలియడం లేదు. సిలువే అనుకున్నాం. ముసలమ్మలు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. కొందరు వచ్చి ఆ మనిషిని కొరడాలతో కొట్టారు. ఏడుపులు పెరిగాయి. ఒకామె సిలువ పాట అందుకుంది.

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె ఏడవడం లేదు. ఆ మనిషిని చూడగానే పోల్చుకుంది. చెబితే ఆపేస్తారని నోరు మెదపలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా నొక్కి పట్టుకుంది.

అప్పుడు ప్రభువు అనుకున్న మనిషి లేచి, దుమ్ము దులుపుకుని, తుపాకి తీసి కొరడాలవాళ్ళందరినీ కాల్చేశాడు. పాట ఆగిపోయింది. అయ్యగారు పరుగెత్తుకొచ్చి టీవీ కట్టేశారు. అంతసేపు ఏడ్చినవాళ్ళకు నవ్వు కూడా రాలేదు. ముగింపు ప్రార్థన చేసి ఇళ్ళకు పంపించేశారు. మర్నాడు పొద్దున అయ్యగారు మా ఇంటికి వచ్చి, ఎండల గురించి, గేదె గురించి మాట్లాడి, చివరికి పెద్దమ్మకు ఎదురుగా వచ్చి, ఆమెకు తెలిసేలా నిదానంగా పలికారు.

"ఏమ్మా, ఆ మనిషి చివరికి బతికినాడా?"

"బతికినాడు అయ్యగారూ. ఊరోళ్ళు ఉండమన్నారు గాని, ఉండలేదు. పోయినాడు."

ఉండాల్సింది అన్నారు అయ్యగారు. తర్వాత తీరిగ్గా కూర్చుని కథంతా మొదటినుంచి చెప్పించుకున్నారు.

హాలు పోయి కల్యాణ మండపం అయింది. పెద్దమ్మకు వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. అన్న చెవి మిషను కొనిపెడితే, చెవిలో రాయి కోసినట్టే ఉందని తీసి బీరువాలో పెట్టేసింది. నేను దర్శి నుంచి వీడియో కాల్ చేస్తే నా మొహంలోకి చూసి, అన్నం తినలేదు కదా అనేది, లేకపోతే మొగుడితో పోట్లాడావు కదా అనేది. చాలాసార్లు తప్పే. అయినా కాదనబుద్ధి అయ్యేది కాదు.

ఆ సినిమాలు ఇటలీ వాళ్ళవని, తలా ఒక దేశం నుంచి వచ్చిన నటులు ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడేవాళ్ళని, గొంతులు తర్వాత అతికించేవాళ్ళని నేను ఎక్కడో చదివి, ఒకసారి ఊరికి పోయినప్పుడు ఆమెకు చెప్పాను. సగం నోటితో, సగం చేతులతో.

"ఒకరి మాట ఒకరికి తెలీదా?" అంది.

తెలియదని తలూపాను.

"తెలీకనే అంత బాగ జేసినారా," అని ఆశ్చర్యపోయింది. ఆ రోజంతా ఎవరు వచ్చినా వాళ్ళకు అదే చెప్పింది.

పోయిన క్రిస్మస్‌కు అన్న గోడంత టీవీ కొన్నాడు. మధ్యాహ్నం అందరం ఇంట్లో ఉన్నాం. వెతికి వెతికి వాళ్ళమ్మ కోసం ఒక పాత కౌబాయ్ సినిమా పెట్టాడు, తెలుగులోకి డబ్బింగు చేసింది. పెద్దమ్మ మంచం మీంచి దిగి ముందుకు వచ్చి కూర్చుంది. ఒకడు సారా కొట్టులోకి వచ్చి ఏదో అన్నాడు. నీళ్ళు అడుగుతున్నాడని ఆమె చెప్పింది. కాదవ్వా, పేకాటకు పిలుస్తున్నాడని అన్న కొడుకు చెయ్యి ఊపి చూపించాడు. కాసేపటికి ఆమె ఇంకేదో చెప్పింది. వాడు మళ్ళీ కాదన్నాడు. పిల్లవాడి తప్పేం లేదు, వాడికి వినపడుతోంది. డబ్బింగు మాటలు భలే వెటకారంగా ఉన్నాయి. ఇల్లంతా నవ్వు. పెద్దమ్మ నెమ్మదిగా వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. అందరి మొహాలూ చూసి తనూ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

అన్న కూడా చూశాడు. రిమోటు తీసుకుని సౌండు తీసేశాడు. పిల్లలు గోల పెడితే, పోయిందిరా, ఏమయిందో ఏమో అన్నాడు. వాళ్ళమ్మ వైపు తిరిగి, వాడు ఏమంటున్నాడని చేత్తో అడిగాడు.

పెద్దమ్మ టీవీ వైపు చూడలేదు. కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. ఏం చదువుకుందో నాకు తెలియదు. తర్వాత మళ్ళీ ముందుకు జరిగి కూర్చుంది.

"నీళ్ళే అడగతన్నాడు," అంది.

కాదనడానికి ఈసారి ఎవరి దగ్గరా ఏమీ లేదు. చెప్పడం మొదలుపెట్టింది. ముందు అన్న కొడుకు, తర్వాత వాడి చెల్లెలు, తర్వాత వంటింట్లోంచి వదిన, అందరూ ఆమె దగ్గరికి చేరారు. వీడెవరు, వాడు ఎందుకు ఏడుస్తున్నాడు, ఆ గుర్రం ఎవరిది అని చేతులతో అడుగుతూనే ఉన్నారు. సినిమా అయిపోయింది. పేర్లు వచ్చి పోయాయి. తెర నల్లబడి, అందులో ఆమె చుట్టూ చేరిన మేమే కనపడుతున్నాం. పెద్దమ్మ ఇంకా చెబుతూనే ఉంది. ఆ మనిషి అక్కడినుంచి నడిచి నడిచి ఇంకో ఊరు చేరినాడని, ఆ ఊళ్ళో ఒక ముసలామె పిలిచి సంకటి పెట్టిందని. వంట చల్లారిపోతోంది. ఎవరూ లేవలేదు.