ఎనిమిదో మేకు

కామాటిపుర పదకొండో గల్లీలో ఒక చాళ్, వరసగదుల పాత మేడ. దాని రెండో అంతస్తు వరండా చివర నల్లా ఉంది. నల్లా పక్కన గోడకు వరుసగా ఎనిమిది మేకులు. ఏడు మేకులకు ఏడు బిందె మూతలు దారంతో వేలాడుతుంటాయి. ఒక్కో మూత మీద తెల్లరంగుతో ఒక్కో గది నంబరు. ఎనిమిదో మేకు ఖాళీ.

మేకులు కొట్టింది లక్ష్మవ్వ మామ పెద్దయ్య. మూతలు మార్చేది లక్ష్మవ్వ. ముప్పై ఒక్క ఏళ్లుగా మారుస్తోంది.

పొద్దున ఆరింటికి నీళ్లు వస్తాయి. ఏడూ పదికి పోతాయి. గదికి పది నిమిషాలు. ముందు వచ్చే నీళ్లు వేరు, చివర వచ్చే నీళ్లు వేరు. మొదటి మూడు పాళీల వాళ్లకు ఆరేసి బిందెలు నిండుతాయి. తర్వాతి ఇద్దరికి ఐదేసి. ఆరో పాళీకి నాలుగు. చివరి పాళీకి ధార సన్నబడి మూడే. అందుకే ఈ మూతలు. మొదటి మేకు మీద ఎవరి మూత ఉంటే ఆ రోజు వాళ్లది మొదటి పాళీ. నీళ్లు ఆగాక లక్ష్మవ్వ ఆ మూతను తీసి చివర తగిలిస్తుంది. తక్కినవాటిని ఒక్కో మేకు ముందుకు జరుపుతుంది. వారం తిరిగేసరికి ప్రతి గదీ మొదటి పాళీ నుంచి చివరి పాళీ దాకా అన్నీ చూస్తుంది.

లక్ష్మవ్వ బడికి పోలేదు. సరాసరి అంటే ఏమిటో ఆమె గచ్చు మీద నేర్చుకుంది. పదహారో ఏట కోడలిగా వచ్చి, పదేళ్లు తాపీ పనికి పోయే మామ వెంట ఇసుక మోసింది. పెద్దయ్య పొడుగాటి చెక్కపట్టీని రెండు చేతులా పట్టుకుని తడి సిమెంటు మాలు మీద లాగేవాడు. మిట్ట మీది మాలు జరిగి గుంటలో పడేది.

"కొత్తది తేవొద్దు పిల్లా. ఉన్నదాన్నే సరాసరి చెయ్యాలె," అనేవాడు.

గచ్చు ఆరాక చెంబుడు నీళ్లు పోసి చూసేవాడు. నీళ్లు నిలిచిన చోట గుంట ఉన్నట్టు. పట్టీ దాటిపోయిన గుంటను నీళ్లు పట్టుకుంటాయి.

మామ పోయాక ఆమె నల్లా దగ్గర పీట వేసుకుంది. పాళీల గురించి ఎవరైనా గొడవ పడితే చింతగింజల డబ్బా తెచ్చేది. వారానికి ఏడు కుప్పలు పోసేది: ఆరు, ఆరు, ఆరు, ఐదు, ఐదు, నాలుగు, మూడు. పెద్ద కుప్పల్లోంచి తీసి చిన్న కుప్పల్లో వేసేది. చివరికి ఏడు కుప్పలూ ఐదేసి గింజలతో సమంగా నిలిచేవి. "చూడుండ్రి. ఎవలికైనా దినానికి ఐదే," అనేది. గొడవ అక్కడితో తీరేది. ఈ చాళ్‌లో ఆమె పేరు అలా నిలబడింది. కట్టుకున్నవాడు తొందరగా పోయాడు, కూతుళ్లు పెళ్లిళ్లయి వెళ్లారు. ఆమెకు మిగిలింది ఒకటో నంబరు గది, ఈ పేరు.

డిసెంబరులో ఒక మంగళవారం. ఏడు గంటలకే నల్లా గురగురమని ఆగిపోయింది. మంగళవారం నాడు నీళ్లు పది నిమిషాల ముందే పోవడం ఏళ్లుగా ఉన్నదే. ఎందుకో ఎవరికీ తెలియదు. ఏడో నంబరు శిరీష నాలుగు ఖాళీ బిందెలతో నిలబడి ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన పిల్ల, చంకలో ఎనిమిది నెలల కొడుకు. భర్త నరేష్ పెద్ద బిల్డింగుల మీద సెంట్రింగ్ పనికి పోతాడు. దసరా తర్వాత ఈ గదిలో దిగారు.

"అవ్వా, నా పాళీ?"

"నీళ్లే బంద్ అయినయ్ బిడ్డా. నేనేం జేద్దు?"

"పోయిన మంగళారం గిట్లనే. అంతకుముందు మంగళారం గిట్లనే."

"మరి నిన్న మొదటి పాళీ ఎవలిది? నీదే గద. ఆరు బిందెలు పట్టుకున్నప్పుడు నోరు లేవలే!"

వరండాలో నవ్వారు. లక్ష్మవ్వను ఆజీ అని పిలిచే నాలుగో నంబరు సీమా బట్టలు పిండుతూ అందుకుంది. "మొన్న మొన్న ఒచ్చింది, ఆజీకి లెక్క నేర్పుతది!"

నవ్వులు ఆగాక శిరీష అడిగింది.

"మంగళారం మొదటి పాళీ ఎవలిది అవ్వా?"

లక్ష్మవ్వ మేకుల వైపు చూసింది. మొదటి మేకు మీద ఒకటో నంబరు మూత ఉంది.

"ప్రతి మంగళారం నీదే," అంది శిరీష. ఖాళీ బిందెలు తీసుకుని లోపలికి పోయింది.

ఒక్కొక్కరే బిందెలు ఎత్తుకుని లోపలికి పోయారు. మూడో నంబరు అనికేత్ ఆఫీసుకు బయల్దేరుతూ మెట్ల దగ్గర ఆగాడు. "ఆదివారం అందరం కూర్చుందాం ఆజీ. పాళీలు మొబైల్‌లో పెట్టుకుంటే ఎవరికీ కట్‌కట్ ఉండదు." మంచిగానే అన్నాడు. ఆమె చెవికి మాత్రం అది వేరేగా వినబడింది. ముప్పై ఒక్క ఏళ్లకు మొదటిసారి, ఆదివారం తనను తీసేసే మాట రాబోతోంది. అదీ దొంగ పేరుతో.

ఆమె మధ్యాహ్నం దాకా ఆగింది. తర్వాత గింజల డబ్బా తీసుకుని ఏడో నంబరు గడప దగ్గర కూర్చుంది.

"నీ లెక్క చూపెట్టు."

శిరీష గోడ మీది క్యాలెండరు దించింది. ఇంటర్ దాకా చదివిన పిల్ల. ఒక్కో తేదీ గడిలో ఆ రోజు ఎన్ని బిందెలు వచ్చాయో పెన్సిలుతో రాసుకుంది. ఆమె చదువుతుంటే లక్ష్మవ్వ గింజలు పెట్టింది. బుధవారం నాలుగు. గురువారం ఐదు. శుక్రవారం ఐదు. శని, ఆది, సోమ, ఆరేసి.

"మంగళారం?"

"ఏం బెడతవ్ అవ్వా, సున్నా."

లక్ష్మవ్వ ఆ చోటు ఖాళీగా ఉంచింది. అలవాటు కొద్దీ పెద్ద కుప్పల్లోంచి తీసి ఖాళీ చోట వేయడం మొదలుపెట్టింది. ఏడు కుప్పలూ నాలుగేసి గింజలకు వచ్చాయి. చేతిలో ఇంకా నాలుగు మిగిలాయి. నాలుగు గింజల్ని ఏడు చోట్ల వేయడం ఎలాగో ఆమెకు తోచలేదు.

"మొత్తం ముప్పై రెండు. ఏడుతో భాగించాలె," అంది శిరీష. "సగటు నాలుగున్నర మీద జెరంత."

"ఐదుకు అర బిందె గూడ తక్కువ లేదు. దీనికా గంత లొల్లి?"

"సగటు తాగుతమా అవ్వా? మంగళారం పోరనికి నీళ్లు పొయ్యలే. ఫోరస్ రోడ్ మీద దుకాణపోల్లను బతిమాలి రెండు సీసాలు తెచ్చుకున్న. బుధారం ఎన్ని బిందెలొస్తే ఏంది, మంగళారం ఆకలి మంగళారమే అయితది."

లక్ష్మవ్వ గింజల వైపు చూస్తూ కూర్చుంది. ఇందాక ఖాళీగా ఉన్న చోటు ఏదో ఇప్పుడు తెలియడం లేదు. దాని మీద కూడా నాలుగు గింజలున్నాయి. దాన్ని పూడ్చింది తన చేతులే.

అప్పుడు ఆమెకు చంద్రయ్య గుర్తొచ్చాడు. శిరీష వాళ్ల కంటే ముందు ఈ గదిలో ఉన్న ముసలాయన. ఒంటి మనిషి. గోడలకు సున్నాలు వేసి చేతులు పాడుచేసుకున్నవాడు. మంగళవారం పొయ్యి ముట్టించేవాడు కాదు.

"ఒక్కపొద్దా చంద్రయ్యా? ఏ దేవునికి?" అని ఆమె అడిగేది.

"నల్లా దేవునికి," అనేవాడు.

ఆమె నవ్వేది. ఆయనా నవ్వేవాడు. మొన్న వానాకాలంలో ధారావిలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయాడు.

"ఎప్పటిసంది గిట్ల అయితున్నదో చూడాలె," అని లేచింది.

మేకుల ముందు నిలబడి, పొద్దున గొడవలో మార్చని మూతలను ఎండలో మార్చడం మొదలుపెట్టింది. మొదటిది చివరకు. "బుధారం." మళ్లీ మొదటిది చివరకు. "గురువారం." ఇలా మంగళవారం దాకా మార్చి చూస్తే ఒకటో నంబరు మొదట, ఏడో నంబరు చివర. మొదలుపెట్టినట్టే ఉంది. మళ్లీ ఏడుసార్లు మార్చింది. మళ్లీ అంతే. మూతలు ఏడు, రోజులు ఏడు. ఎవరి వారం వాళ్లకు కట్టేసినట్టు ఉంది.

ఖాళీ మేకు మీద ఆమె కన్ను పడింది. ఎనిమిదో గది శంకర్రావు వాళ్లది. రెండేళ్ల కింద గది మూసి డోంబివలి పోయారు. వాళ్ల మూత వాళ్లకు ఇచ్చేసింది తనే. ఉట్టి మూత ఎందుకనుకుంది.

ఇంట్లోకి పోయి తన పాత బిందె మూత తెచ్చి ఎనిమిదో మేకుకు తగిలించింది. ఎనిమిది మూతలతో ఏడు రోజులు మార్చింది. మంగళవారం చివర మళ్లీ ఏడో నంబరే. ఇంకో వారం మార్చింది. ఈసారి ఆరో నంబరు. ఆ పై వారం ఐదో నంబరు. ఎనిమిది గదులున్నన్నాళ్లు పాళీ తొమ్మిది నిమిషాలకు తక్కువే అయినా, ఎండిన మంగళవారం ఇల్లిల్లూ తిరిగేది. ఒక్కో ఇంటికి రెండు నెలలకోసారి తగిలేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గది మూసిన నాటి నుంచి అది ఏడో నంబరులో దిగిపోయి కదల్లేదు.

చేతులు కడుక్కుందామని నల్లా తిప్పి, నీళ్లు లేవని గుర్తొచ్చి, కట్టేసింది.

ఆదివారం వరండాలో అందరూ కూర్చున్నారు. అనికేత్ ముందే శిరీష క్యాలెండరు చూసి మొబైల్‌లో లెక్క కట్టి పెట్టాడు.

"అందరి గదులూ కలిపితే రోజుకు సరాసరి నాలుగు పాయింట్ తొంబై నాలుగు ఆజీ. ఐదే అన్నట్టు! టెన్షన్ కశాలా, ఎందుకు? నువ్వు చెప్పింది కరెక్టే."

"నేను ముందుగాలే అన్న," అంది సీమా. "ఇగ లేవుండ్రి, నాకు కూర మాడుతది."

శిరీష తల వంచుకుంది. నరేష్ ఆమె భుజం మీద చెయ్యి వేసి లెమ్మన్నాడు. లక్ష్మవ్వ ఊరుకుంటే చాలు, అంతా అయిపోయేది. ఆమె పేరు ఆమెకు మిగిలేది.

"కూసోండ్రి," అంది. "తప్పు నాది."

మూతలు మార్చి చూపించింది. ఏడింటితో ఒకసారి, ఎనిమిదింటితో ఒకసారి. మూత ఒకటి చేయి జారి పడింది. సీమా తీసి ఇచ్చింది.

"రెండేండ్ల సంది ఈ ఏడో నంబరు ఖోలీ ఎండుతున్నది. మంగళారం ముందుగాల నేనే పట్టుకున్న. కావాలని చెయ్యలే. చూడలే. చంద్రయ్య నోరు తెరిచి చెప్పలే, ఈ పిల్ల చెప్పింది."

"అంటే ఇప్పుడు ఎవరికీ ఎండదా?" అన్నాడు అనికేత్.

"ఎండేది ఎండుతది. ఒక్కరి మీదనే ఎండొద్దు."

ఒకటో మూతనూ ఏడో మూతనూ ఒకదాని చోట ఒకటి తగిలించింది. తన మూత పక్కనే, దాని వెనక, నంబరు లేని ఎనిమిదో మూత.

"ఇది ఎవలిదీ కాదు. దీని పాళీ వస్తే దాటేసి పట్టుకోండ్రి. ఇది ఉంటేనే వారం జరుగుతది. ఇది చివరికొచ్చిన మంగళారం ఎండేది నా ఇల్లే, ఆ పై మంగళారం గూడ నాదే. నాకు రెండు రావాలె."

సీమా ఆ ఉట్టి మూతను వేలితో తిప్పి చూసింది.

"మరి రేపటినుంచి మూతలెవరు మారుస్తరు?" అంది లక్ష్మవ్వ. అదే అడగాలని వచ్చింది.

"నువ్వే," అంది శిరీష. "ఈ ఎనిమిదో మూత సంగతి ఇంకెవలికి సమజైతది?"

అనికేత్ మొబైల్ జేబులో పెట్టుకున్నాడు. "యాప్‌లో లేని ఖోలీని ఎట్లా పెడతాం, చల్ జావుదే, పోనీ," అన్నాడు. అందరూ నవ్వారు.

మంగళవారం శిరీషకు మొదటి పాళీ. ఆరు బిందెలు నిండాయి. లక్ష్మవ్వ వంతు వచ్చేసరికి ఏడయింది. నల్లా గురగురమని ఆగింది. ఆమె లేచి పోలేదు. తన పది నిమిషాలూ బిందె పట్టుకుని నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ నల్లా పక్కనే కూర్చుంది కానీ ఇలా ఎప్పుడూ నిలబడలేదు.

శిరీష ఒక నిండు బిందె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఆరొచ్చినయ్ అవ్వా."

"వద్దు బిడ్డా. మళ్ల నా ఇల్లు ఎండిననాడు ఇయ్యి, తీసుకుంట. ఈ ఒక్క మంగళారం ఎండనీ."

మూతలు మార్చి లోపలికి పోయింది. పదింటికి సీమా తలుపులోంచి తొంగిచూసింది.

"పొయ్యి ముట్టియ్యలే? ఒక్కపొద్దా ఆజీ?"

"అవ్," అంది లక్ష్మవ్వ.

చెప్పులు వేసుకుంటోంది. ధారావి బస్సు పదకొండింటికి దొరుకుతుందో లేదోనని, చంద్రయ్య ఇల్లు ఎవరిని అడగాలోనని ఆలోచిస్తోంది.