నర్సమ్మ ఫోనులో మనవడు

రొమ్ములకు అందం దిద్దే ఆ క్లినిక్‌లో నర్సమ్మ మెడలో కొలత టేపు, జేబులో మనవడి ఏడుపు రికార్డు చేసిన ఫోను ఎప్పుడూ ఉంటాయి. వచ్చిన తల్లులందరినీ ఆవిడ అడిగేది ఒకటే: “పాలు మాన్పించి ఆరు నెలలైందా?” అందరూ అయిందనే అంటారు. ఆవిడ తలూపి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఫోను నొక్కుతుంది. మనవడు ఆరున్నొక్క రాగం అందుకుంటాడు. కాసేపటికి, అబద్ధమాడినవాళ్ళ రవికలు పాలతో తడుస్తాయి. “పాలు ఇంకిపోయాక మిగిలేదే అసలు కొలత తల్లీ. ఇప్పుడు ఆపరేషను చేయించుకుంటే రేపు జారిపోతుంది. ఆగి రా,” అంటూ తువ్వాలు అందిస్తుంది.

ఏడాదిన్నర కొడుకున్న డాక్టరమ్మకు ఇది బొత్తిగా నచ్చదు. వచ్చేవారం తనకూ అదే ఆపరేషను. పాలు మాన్పించి ఆరు నెలలైందని కాగితం మీద తనే రాసింది. “ఇదేం పరీక్ష? వచ్చినవాళ్ళందర్నీ తరిమేస్తున్నావు,” అని ఒకరోజు గట్టిగానే కోప్పడింది. నర్సమ్మ ఫోను ఆపలేదు. మనవడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. డాక్టరమ్మ మాట మధ్యలో ఆగి, గబగబా తెల్లకోటు గుండీలు పెట్టుకుంది. కోటు మీదకీ రెండు మచ్చలు తేలాయి.

నర్సమ్మ తువ్వాలిచ్చి, ఆపరేషన్ల పుస్తకం తెరిచింది. “ఆరు నెలల తర్వాతకి రాయమంటారా?”

“అప్పుడే రాయకు,” అంది డాక్టరమ్మ తువ్వాల్లోంచి. “ముందు మావాడు మానాలిగా.”