బొటనవేలు పడే చోటు

ఆమె పేరు అడగలేదు. అడిగి ఉంటే ఆ పేరు మీద కూడా కుళ్లుకునేవాణ్ణి.

కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సు ఎక్కితే ఆమె నా పక్క సీటులో ఉంది. ఒళ్లో వేరుశనగ మిఠాయి పెట్టె. తెల్లటి మూత మీద ఒక మూలన ఒకే ఒక్క వేరుశనగకాయ బొమ్మ, మిగతాదంతా ఖాళీ. నేను అగ్గిపెట్టెల లేబుళ్లు గీస్తాను. నా లేబుల్ మీద నెమలి, తామరపువ్వు, మా ఓనరుగారి తండ్రి ఫోటో అన్నీ ఉండాలి. పిసరంత ఖాళీ కనపడితే ఆయన ఊరుకోడు. ఆ మూత చూడగానే నాకు కడుపు మండింది.

ఆమె ఫోనులో వాళ్లమ్మతో తమిళం కాదు, మా ఇళ్లలో మాట్లాడే తెలుగే మాట్లాడింది. ఫోను పెట్టేశాక అడిగాను.

"ఈ బొమ్మ ఎవురు వేసిందమ్మా?"

"నేనే అన్నా."

"ఇంత చోటు ఉత్తగా విడిస్తే ఓనరు ఏమీ అనలేదా?"

ఆమె పెట్టెను నాకు అందించింది. "పట్టుకోండన్నా."

పట్టుకున్నాను. నా బొటనవేలు సరిగ్గా ఆ ఖాళీలో పడింది. కాయ బొమ్మ పూర్తిగా కనపడుతోంది.

"ఆయనకీ ఇట్లానే చేతికిస్తిని. ఇంకేమీ అడగలేదు" అంది.

బాగుందనడానికి నాకు నోరు రాలేదు. "తెలుపు గదా, తొందరగా మాసిపోతుంది" అన్నాను. ఆమె నవ్వి, సాత్తూరులో దిగిపోయింది.

జేబులోంచి నా అగ్గిపెట్టె తీసి పట్టుకున్నాను. నెమలి తల బొటనవేలి కింద పడింది. వేలు కొంచెం జరిపితే ఓనరుగారి తండ్రి ముఖం మాయమైంది. విరుదునగర్ దాకా వేలు జరుపుతూనే కూర్చున్నాను.