దిల్షాద్ బీ అమానత్

కువైట్‌లోని రిగ్గైలో దిల్షాద్ బీ కుట్టు అంగడి ఎవరిదని అడిగితే ఆ వీధిలో ఎవరైనా నవ్వుతారు. ఇంకెవరిది? రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చి, మామా అని పిలిచే ఇంటి యజమానురాలి పిల్లలకు గౌన్లు కుట్టి పేరు తెచ్చుకుని, చేతి గాజులు అమ్మి మిషన్లు కొని పెట్టుకున్న అంగడి అది. లైసెన్సు మాత్రం ఆమెకు వీసా ఇచ్చిన కువైటీ కఫీల్ పేరున ఉంది. మనబోటి వాళ్లకు సొంత పేరున అంగడి పెట్టుకోవడం కుదరక, ఇక్కడ ఎంతోమంది ఇలా కువైటీ పేరు కింద బతుకుతున్నారు. కాగితాల్లో ఆయన యజమాని. ఆమె జీతానికి కుట్టే దర్జీ. చూడండి, ఎంత అన్యాయమైన రాతో!

అయినా ఆ కఫీల్ ముసలాయనను నేనేమీ అనను. మంచి మనిషి. అంగడి తెరిచిన రోజు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. షట్టర్ బిగించడానికి సాయం చేస్తూ నేనూ అక్కడే ఉన్నాను. అందరూ వింటుండగా అన్నాడు: "పేరు నాది, అంగడి నీది. హాదా అమానా."

హాదా అంటే ఇది. అరబ్బీలో అమానా, రాయచోటి ముస్లింల ఇళ్లలో అమానత్. మాట ఒకటే, అర్థమూ ఒకటే. నమ్మి చేతిలో పెట్టినదాన్ని మన సొత్తు అనుకోకుండా కాపాడి, ఎవరిది వాళ్లకు అప్పజెప్పడం.

"ఆ మాటేదో కాగితం మీద రాయించుకో అక్కా" అన్నాను ఆ సాయంత్రమే.

ఆమెకు కోపమొచ్చింది. "ఏం మాట గంగాధరా అది? అమానత్ అన్న మనిషిని కాగితం అడిగితే, నువ్వు దొంగవి అని మొగం మీద అన్నట్టు గాదా? మా ఇండ్లల్లో అట్ల అడగరు."

ముసలాయన పోయాడు. సంతాప దినాలు ముగిశాయో లేదో, అంగడి ఖాళీ చేయమని కొడుకు కబురంపాడు.

నేను ఒక లాయరు ఆఫీసులో డ్రైవర్ని. మా సారు లండన్‌లో చదివొచ్చాడు. ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. ఓపిగ్గానే చెప్పాడు: "ఇంగ్లీషు చట్టంలో ఒకే ఆస్తికి ఇద్దరు యజమానులు ఉండొచ్చు గంగాధరా. కాగితం ప్రకారం ఒకరు, న్యాయం ప్రకారం ఇంకొకరు. డబ్బు ఈమెదనీ, ఇద్దరూ అలాగే అనుకున్నారనీ రుజువైతే, ఆయన ఈమె కోసమే దాన్ని పట్టుకుని ఉన్నాడంటుంది కోర్టు. కొడుక్కి వచ్చేది ఉత్త పేరే."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి ఇక్కడ సార్?"

"ఇక్కడ ఇంకొకరి పేరు మీద అంగడి నడపడమే తప్పంటారు. నోరు తెరిస్తే ముందు ఆమెకే చిక్కు."

ఒళ్లు మండిపోయింది నాకు. ఎక్కడో ఇంగ్లండులో ఉన్న న్యాయాన్ని రిగ్గైలో ఏం చేసుకోవాలి?

కొడుకు తాళం తీసుకుని వచ్చిన రోజు దిల్షాద్ బీ ఏడవలేదు, అరవలేదు. అరబ్బీలోనే సూటిగా అడిగింది: "మీ బాబా అమానా అన్నాడు. నువ్వు వినలేదా?"

"విన్నాను" అన్నాడు వాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా. "కాగితంలో లేదు. ఖలాస్."

మిషన్లు, కత్తెర్లు, ఇస్త్రీ బల్ల, అన్నీ తనవేనన్నట్టు చూసుకుంటూ లోపలికి పోయాడు. గోడ పొడవునా వేలాడుతున్న గౌన్ల దగ్గర ఆగాడు.

"ఇవెవరివి?"

"గిరాకీలవి. కుట్టమని ఇచ్చినారు."

వాడు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అస్తగ్‌ఫిరుల్లా! ఇవి అమానా. ఒక్క గుండీ పోయినా దేవుడికి జవాబు చెప్పాలి. తీసుకుపో, ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్."

మురికి అంటకుండా గుడ్డ కప్పి, తానే మోసుకొచ్చి నా బండిలో జాగ్రత్తగా పెట్టాడు. దారిలో జారిపడిన లేసు ముక్కను వెనక్కి వెళ్లి, వంగి ఏరుకొచ్చి మరీ ఇచ్చాడు. తర్వాత తీరిగ్గా షట్టర్ దించి తాళం వేసుకున్నాడు.

నేను పళ్లు పటపట కొరుకుతూ బండి దిగబోయాను. పక్క సీట్లో కూర్చున్న దిల్షాద్ బీ నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఒడి నిండా ఊరివాళ్ల గౌన్లు.

"పోనీ గంగాధరా, బండి పోనీ" అంది. "తెలీనోడైతే దిగి చెప్పుకుందుము. వానికి తెల్సు."